రికార్డు ప్రకారమే

ప్లేటు మీద పేరు తప్పుగా ఉంది.

నిరుపమ స్టాఫ్ రూమ్ కిటికీ దగ్గర నిలబడి, ఫోనులో వచ్చిన నమూనాను వేళ్ళతో పెద్దది చేసి మళ్ళీ చూసింది. పైన 'నైడాల్ అడవిని కాపాడినవారు' అని ఉంది. కింద ఆరు పేర్లు, ఆరుగురూ పోయినవాళ్ళే. ఆఖరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో 'కొండ గిరిధర్'.

ఆమె భర్త పేరు గిరిధర్. ఇంటిపేరు కొండవీటి. ఊరి నీళ్ళ ప్లాంటులో ఇంజనీరుగా చేస్తూ మే నెలలో పనిమీద ఉండగానే గుండె ఆగి పోయాడు. ఇప్పుడు సెప్టెంబరు. శనివారం ఊరికి నూట యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ రోజే ఈ ప్లేటును అడవి గేటు దగ్గర బిగిస్తారు.

ఆమె ఉత్సవ సంఘం కార్యదర్శి గ్రేమ్‌కి రెండు వాక్యాలు రాసింది. "పేరు గిరిధర్ కొండవీటి అని ఉండాలి. దయచేసి సరిచేయండి." భోజనాల బెల్లు అయ్యేలోపే జవాబు వచ్చింది. "నిరుపమా, డ్రైవింగ్ లైసెన్సులోనూ ప్లాంటు జాబితాలోనూ గిరిధర్ అన్నదే ఆఖరి పేరు. మొదటి పేరు పొడుగని అందరూ పిలిచేదే వేశాం. రికార్డు ప్రకారమే రాశాం."

ఆమె ఫోను బ్యాగులో పడేసి క్లాసుకి వెళ్ళింది.

ఆరో తరగతి పిల్లలు నేల మీద బోర్లా పడుకుని లోయకు రంగులు వేస్తున్నారు. ఉత్సవానికి పెద్ద బోర్డు ఒకటి తయారుచేసే పని బడికి వచ్చింది. ఈ ఊరిని నెలకొల్పిన పదకొండు కుటుంబాలు నార్వేలో ఏ కొండపల్లె నుంచి వచ్చాయో, ఆ పల్లె భూగోళం, తొలి చరిత్ర ఆ బోర్డు మీద ఉండాలి. పల్లె పేరు ఊర్‌దాల్. నిరుపమ ఈ నాలుగు నెలల్లోనే చాలావరకు రాసింది. శనాదివారాలు ఏదో ఒక పని చేతిలో ఉండడం ఆమెకు అవసరమయింది. బోర్డు అచ్చయి వచ్చేసింది. పక్కన తగిలించే బొమ్మలే మిగిలాయి.

"మిసెస్ కొండవీటి, ఎండ పడని వైపు ఏ రంగు?" అని ఒక పిల్ల అడిగింది.

"నీలం. లేత నీలం కాదు, ముదురుది."

ఊర్ అంటే ఆ భాషలో కొండ మీంచి జారిపడిన రాళ్ళ గుట్ట. దాల్ అంటే లోయ. లోయ ఎంత ఇరుకంటే నవంబరు మొదట్లో కొండ వెనక్కి పోయిన సూర్యుడు ఫిబ్రవరి ఏడో తారీఖు దాకా కనిపించడు. అందుకని ఇళ్ళన్నీ ఒకే గట్టున, ఎండ వైపు కట్టుకున్నారు. చర్చి మాత్రం నీడ వైపు ఉంటుంది. ఏడు వందల ఏళ్ళ క్రితం మహమ్మారి వచ్చి లోయ ఖాళీ అయింది. రెండు వందల ఏళ్ళపాటు ఆ పొలాల్లో భోజపత్ర చెట్లు మొలిచాయి. తర్వాత వచ్చినవాళ్ళు చెట్లు కొట్టి పాత పొలాలకు పాత పేర్లే పెట్టుకున్నారు. అక్కడ పొలానికున్న పేరే మనిషికి ఇంటిపేరు. మనిషి పొలం మారితే ఇంటిపేరు మారుతుంది. ఈ వాక్యం రాసినప్పుడు నిరుపమకు తృప్తి కలిగింది. ఇంటిపేరు అన్న మాటను ఆ ఊళ్ళో తను తప్ప ఎవరూ సరిగ్గా అర్థం చేసుకోలేరని కూడా అనిపించింది.

గిరిధర్ ఉండగా మొదలుపెట్టిన పని ఇది. ఊర్‌దాల్ అని మొదటిసారి చెప్పినప్పుడు అతను అన్నం కలుపుతున్నాడు. "ఊరి దాలా? కందిపప్పా పెసరపప్పా?" అన్నాడు. ఆ తర్వాత పప్పు వండిన ప్రతిసారీ ఇంట్లో అదే మాట.

సాయంత్రం టౌరంగా నుంచి సరోజిని ఫోను చేసింది. గిరిధర్‌కి అక్క. అక్కడ ఆసుపత్రిలో నర్సు. నమూనా తనకు కూడా పంపమని ఆమే అడిగింది.

"ఇదేంటి నిరుపమా, కొండ అంట! మిగతాది ఏమయింది? వీటి ఎవడు తిన్నాడు?"

"చెప్పాను వదినా. రికార్డులో అట్లా ఉందంటున్నారు."

"ఉంటది మరి. గుంటూరులో వీసా కాగితాలు నింపేటప్పుడు టెన్త్ సర్టిఫికెట్‌లో ఎట్లా ఉంటే అట్లా రాయమన్నాడు ఆ కన్సల్టెన్సీ వాడు. ఫస్ట్ నేమ్ దగ్గర కొండవీటి, లాస్ట్ నేమ్ దగ్గర గిరిధర్. మార్చుకోరా అని నేను పదేళ్ళు మొత్తుకున్నా. ఏమన్నాడో తెలుసా? కొండన్నా కొండే, గిరన్నా కొండేనక్కా, ఎటు తిప్పినా ఒకటే అన్నాడు."

నిరుపమ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"నువ్వు గట్టిగా అడుగు. శనివారం నేనొస్తున్నా. మా ఇంటిపేరు ముక్కలు చేసి గేటుకి కొడితే నేను చూస్తూ ఊరుకోను."

సిరి సోఫాలో కాళ్ళు ముడుచుకుని వింటోంది. పన్నెండేళ్ళ పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులో వస్తుంది. ఫోను పెట్టేశాక అంది. "అమ్మా, ఇట్స్ నాట్ రాంగ్. అందరూ హిమ్‌ని కొండ అనే పిలిచేవాళ్ళు."

"అందరూ పిలిస్తే పేరైపోతుందా?"

"నా పేరు కూడా నార్వే పేరనుకుంటారు. నాన్న యెస్ అన్నాడు."

అదీ నిజమే. సిరి అన్న పేరు నార్వేలోనూ ఉంది. ఊరికి గౌరవంగా పిల్లకు ఆ పేరు పెట్టారా అని ఎవరో అడిగితే గిరిధర్ తల ఊపి వచ్చాడు. పిల్ల పుట్టింది ఆక్లండ్‌లో, మౌంట్ ఆల్బర్ట్‌లో ఉన్నప్పుడు. అప్పటికి నైడాల్ అనే ఊరొకటి ఉందని కూడా వాళ్ళకు తెలియదు. తప్పును దిద్దడం అతనికి ఎప్పుడూ బద్ధకమే. ఆ బద్ధకం మీద నిరుపమకు ఇప్పుడు కోపం వచ్చింది. పోయినవాడి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లేచి గిన్నెలు కడిగింది.

మంగళవారం బడి వదిలాక ఆమె ఊరి హాలుకి వెళ్ళింది. గ్రేమ్ నిచ్చెన మీద ఉన్నాడు. చూరు కాలువలో పడిన ఆకులు గుప్పిళ్ళతో తీసి కింద బకెట్లోకి విసురుతున్నాడు. అరవై దాటినవాడు, ట్రాక్టర్లు బాగుచేస్తాడు.

"ప్లేటు గురించేనా?" అన్నాడు దిగకుండానే.

"కొండ అన్నది పేరు కాదు గ్రేమ్. కొండవీటి అన్నది ఇంటిపేరు. కొండ అందులో సగమే."

"మీ పేరు కదా కొండవీటి? పెళ్ళయినా పుట్టింటి పేరే ఉంచుకున్నారు, మంచిదే అనుకున్నాం మేమంతా."

"అది మా ఆయన ఇంటిపేరు. పెళ్ళయ్యాక నాకు వచ్చింది."

గ్రేమ్ చేతిలోని ఆకులు బకెట్లో పడేయడం మరిచిపోయాడు. "మరి కొండది... మీ ఆయనది గిరిధర్ కదా? సిరి కూడా సిరి గిరిధర్."

"ఆయన కాగితాల్లో ముందుది వెనక్కి పోయింది. అమ్మాయికి ఆయన కాగితాలను బట్టి వేశారు. నేను నావి సరిగ్గా నింపుకున్నాను."

"అంటే ముగ్గురిలో సరిగ్గా ఉన్నది మీ ఒక్కరిదే?"

అతను ఎగతాళి చేయలేదు, నిజంగానే లెక్క చూసుకుంటున్నాడు. అయినా నిరుపమకు ముఖం వేడెక్కింది. పదకొండేళ్ళు ఒకే ఊళ్ళో ఉండి, ఒకే ఇంట్లో ఉండి, ఇప్పుడు ఇది నిచ్చెన కింద నిలబడి విప్పి చెప్పుకోవలసి వస్తోంది.

"రికార్డు అని మీరన్నారు. రికార్డు రాసినవాడికి తెలియకపోతే అది రికార్డు ఎట్లా అవుతుంది?"

గ్రేమ్ దిగాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "పామర్‌స్టన్ నార్త్‌లో బోర్డులు చేసే ఆయన ఒక్కడే మనిషి. అడిగాను. శనివారంలోగా ఒక్కటే మళ్ళీ చేయగలనన్నాడు. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి ఫైలు అందాలి. పంపండి. మార్చేద్దాం."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. థాంక్స్ చెప్పి కారెక్కింది. సరోజినికి మెసేజ్ పెట్టింది. 'మారుస్తున్నారు వదినా.' వెంటనే దణ్ణం పెట్టే బొమ్మలు నాలుగు వచ్చాయి.

బుధవారం పిల్లలు వెళ్ళిపోయాక తలుపు దగ్గర ఒక ముసలావిడ నిలబడింది. గాలికి జుట్టంతా చెదిరి ఉంది. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు ఉంది.

"నేను రూత్ హౌగెన్. మనం మెయిల్‌లో మాట్లాడుకున్నాం."

నిరుపమకు గుర్తు రాలేదు. కూర్చోమంది. పిల్లల కుర్చీలు తప్ప ఇంకేమీ లేవు. రూత్ ఎనభై ఏళ్ళ మోకాళ్ళు వంచి ఒక దాంట్లో కూర్చుంది. బల్లమీద కాగితం ఒకటి పెట్టింది. ఆమె ఆగస్టులో పంపిన మెయిల్ అది. ఊర్‌దాల్ బోర్డులో హౌగెన్ కుటుంబం గురించి రాసింది తప్పనీ, ఒకసారి మాట్లాడాలనీ ఉంది. కింద నిరుపమ జవాబు ఒక్క వాక్యం. 'రికార్డు ప్రకారమే రాశాం.'

నిరుపమ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. కింద పేరు తనదే. ఆగస్టులో బోర్డు చిత్తుప్రతిని ఊరందరికీ పంపాక అలాంటి మెయిళ్ళు చాలా వచ్చాయి. మా తాత ఓడ కెప్టెన్ అని, మా ముత్తాత కవి అని. అన్నిటికీ అదే జవాబు కాపీ చేసి పెట్టింది.

"ఓడ జాబితా మీరు చూశారా?" అంది రూత్.

"చూశాను. అండర్స్ లార్సెన్, పక్క వరసలో సిరి ఓల్స్‌దాత్తర్ హౌగెన్."

"మరి బోర్డు మీద అండర్స్ హౌగెన్, ఆయన భార్య సిరి అని ఎందుకుంది?"

"భర్త ఇంటిపేరు భర్త దగ్గర వదిలేసి భార్య దగ్గర రాశాడు, గుమాస్తా పొరపాటు అనుకున్నాను. సరిచేశాను." ఓల్స్‌దాత్తర్ అంటే ఓలె కూతురు; లార్సెన్ లాగా అదీ తండ్రి పేరే. పెళ్ళయిన మనిషికి అది ఎందుకని దాన్ని కూడా తీసేసింది. ఆ సంగతి చెప్పలేదు.

రూత్ ఫోల్డరులోంచి ఇంకో కాగితం తీసింది. అక్కడి చర్చి పుస్తకం నకలు. వేలితో చూపించింది. "సిరి పుట్టిందే హౌగెన్ పొలంలో. ఓలెకి ఒక్కతే కూతురు. అండర్స్ కొండ అవతల లోయవాడు. పెళ్ళి చేసుకుని వాళ్ళ ఇంటికి వచ్చాడు. వచ్చాకే అండర్స్ హౌగెన్ అయ్యాడు. పొలం మారితే ఇంటిపేరు మారుతుందని మీరే రాశారు కదా. అది మగవాడికి వర్తించదా?"

ఇల్లరికం. ఆ మాట నిరుపమ నోటిదాకా వచ్చింది. ఇల్లరికపు అల్లుళ్ళను ఆమె ఎరుగును. పొలం భార్యదయినా, ఇల్లు మామగారిదయినా వాళ్ళ ఇంటిపేర్లు వాళ్ళకే ఉంటాయి. పుట్టే పిల్లలకీ అవే వస్తాయి. మగవాడి ఇంటిపేరు మారుతుందని ఆమెకు ఎన్నడూ తట్టలేదు. తట్టనిదాన్ని గుమాస్తా మీదికి తోసింది.

"లోయలో ఎండ మొదట పడే పొలం అది," అంది రూత్. "ఫిబ్రవరి ఏడున లోయలో ఎండ పడుతుందని రాశారు. హౌగెన్ మిట్ట మీద మూడు రోజులు ముందే పడేదట, మా నాయనమ్మ చెప్పేది. తర్వాత ఒక వసంతంలో కొండ జారింది. ఇల్లూ పొలమూ రాళ్ళ కింద పోయాయి. సిరికి మిగిలింది పేరొక్కటే. అందుకే ఓడలో గుమాస్తాకి దగ్గరుండి చెప్పి రాయించుకుని ఉంటుంది. ఆమె చెప్పింది చెప్పినట్టే అతను రాశాడు."

"మీ వాళ్ళు ఇంతకుముందు..."

"నూరేళ్ళ పండగప్పుడు రాయి నాటారు. దానిమీదా అండర్స్ పేరే. అప్పుడు మా అమ్మ ఉత్తరం రాసింది. నూట పాతికప్పుడు నేను రాశాను. ఈసారి టీచరు రాస్తోంది, అందులో ఇండియా మనిషి, ఇంటిపేర్ల సంగతి ఆమెకు తెలుస్తుందిలే అన్నారు." రూత్ లేవడానికి బల్ల పట్టుకుంది. "బోర్డు అచ్చయిపోయిందని తెలుసు. తప్పని ఒక మనిషికైనా తెలియాలని వచ్చాను."

ఆమె వెళ్ళాక నిరుపమ కుర్చీలు బల్లలమీద బోర్లించింది. గోడకు పిల్లలు వేసిన లోయ ఉంది. ఎండ వైపు పసుపు, నీడ వైపు నీలం. ఎండ వైపున ఒక మిట్ట మీద చిన్న ఇల్లు, దాని ముందు టోపీ పెట్టుకున్న మగమనిషి. ఇంట్లో ఎవరూ లేరు.

గురువారం పది నలభైకి ఇంటర్వెల్. నిరుపమ లాప్‌టాప్‌లో రెండు ఫైళ్ళు పక్కపక్కన తెరిచింది. ఒకటి ప్లేటు, ఆరో వరసలో 'గిరిధర్ కొండవీటి'. ఒకటి బోర్డు, 'సిరి ఓల్స్‌దాత్తర్ హౌగెన్, ఆమె భర్త అండర్స్'. మార్చడానికి అరగంట పట్టలేదు. రెండూ సరిగ్గా ఉన్నాయి. పంపవలసింది ఒక్కటి.

గ్రేమ్‌కి ఫోను చేసింది. "రెండూ చేయలేడా ఆయన?"

"మళ్ళీ అడిగాను నిరుపమా. ఒక్కటే అన్నాడు. రెండోది ఎప్పుడన్నా కొత్తవి చేయించినప్పుడు చూద్దాం."

ఎప్పుడన్నా అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఇరవై అయిదేళ్ళకోసారి. రూత్ తల్లి ఉత్తరం రాసి యాభై ఏళ్ళయింది.

పదకొండు దాటింది. పిల్లలకు చదువుకునే పుస్తకాలిచ్చి ఆమె బల్ల దగ్గరే కూర్చుంది. కోపంగా ఉంది. ఒక్క ప్లేటు కంటే చేయలేని బోర్డుల మనిషి మీద, ఆగస్టులో ఫోను చేయకుండా మెయిల్ పంపిన రూత్ మీద, టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాసుకొచ్చిన గిరిధర్ మీద. గిరిధర్ పేరును ఇంకెవరో పాడుచేశారు. సిరి హౌగెన్ పేరును పాడుచేసింది తను. ఎటు తిప్పినా ఆ తేడా తేడాగానే ఉంది. పదకొండు యాభైకి బోర్డు ఫైలు పంపింది. పంపినందుకు మనసు తేలికేమీ పడలేదు.

గ్రేమ్ ఫోను చేశాడు. "ఏదో పొరపాటున ఊర్‌దాల్ బోర్డు వచ్చింది."

"పొరపాటు కాదు."

"మరి కొండ?"

"అట్లాగే ఉండనివ్వండి," అని పెట్టేసింది.

శనివారం గాలి లేదు. గేటు పక్కన ఆ దేశపు కోవై చెట్లు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. ఊరంతా వచ్చింది. సరోజిని పట్టుచీర కింద వాకింగ్ బూట్లు వేసుకొచ్చింది. ప్లేటు చూసి నిరుపమ వైపు తిరిగింది.

"మారుస్తున్నారన్నావు."

"వేరేది మార్చాల్సి వచ్చింది వదినా. నేను చేసిన తప్పొకటి ఉంది."

"నీ తప్పుకి మా వాడి పేరా?"

అవతల కొత్త బోర్డు ముందు రూత్ నిలబడి ఉంది. కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చదివింది. ఇటు చూసి తల ఒక్కసారి ఆడించింది. అంతే, దగ్గరికి రాలేదు.

ప్రసంగాలయ్యాక గ్రేమ్ వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవరు, అట్టపెట్టెలో డజను కోడిగుడ్లు. సరోజినికి నమస్కారంలాంటిది ఏదో పెట్టాడు.

"మీరు కొండ అక్కగారు కదా. ఇవాళ లైను చూడాలి. మీరు ముగ్గురూ వస్తారేమోనని."

"ఏం లైను?" అంది సరోజిని.

సిరి చెప్పింది. "అత్తా, స్టోట్స్ ఉంటాయి. ముంగిసలాగా. పక్షుల ఎగ్స్ తింటాయి. నాన్న ట్రాప్స్ వరసగా పెట్టేవాడు, అదే లైను. ఎవ్రీ సాటర్డే."

గేటు పక్కన చెక్కపెట్టెలో రిజిస్టరు ఉంది. నిరుపమ తెరిచింది. తారీఖు, లైను, చూసినవారు అని మూడు గడులు. మే రెండో శనివారం దాకా గిరిధర్ పొడి సంతకం ఉంది. మూడో శనివారం నుంచి ప్రతి వారమూ ఒకే రాత. లైను: కొండ. చూసినవారు: గ్రేమ్. వానాకాలంలో ఒక్క వారం కూడా తప్పలేదు.

"మీరు చెప్పలేదు," అంది.

"చెప్పడానికేముంది? ఎవరో ఒకరు చూడాలి కదా." అతను స్క్రూడ్రైవరు ఆమె చేతికిచ్చాడు. "ఒక్క సంగతి. ఉచ్చుల పెట్టెల మూతల లోపల ఏదో రాశాడు. మీ లిపి. మాకు చదవడం రాదు, తుడవలేదు."

దారి ఫెర్నుల మధ్య నుంచి ఎక్కుతుంది. మొదటి పెట్టె అరమైలు లోపల ఉంది. నిరుపమ మోకాళ్ళ మీద కూర్చుని రెండు స్క్రూలు విప్పి మూత తిరగేసింది. నల్ల మార్కరుతో గుండ్రటి చేతిరాత. 'కొండ 1'.

సరోజిని వంగి చూసింది. వేలితో తలకట్టు తడిమింది. "వాడి రాతే," అంది. నిటారుగా నిలబడి, "వెధవ, వాడే రాసుకున్నాడు," అంది.

"ఐ టోల్డ్ యూ," అంది సిరి, మెల్లగా.

నిరుపమ ఎరగా పెట్టిన పాత గుడ్డు తీసి కొత్తది పెట్టి మూత బిగించింది. రెండో పెట్టె, మూడోది. గ్రేమ్ ప్రతి దగ్గరా మీట నొక్కిపట్టి ఉచ్చు బిగించి, పక్కకు జరిగి నిలబడ్డాడు. కొండ 4. కొండ 7. ఏడో పెట్టె దగ్గర సరోజిని చీరకు ముళ్ళు పట్టుకుంటే సిరి విడిపించింది. "ఎలకల బోనుకి ఇంత ఎక్కుడేంటే," అంది ఆమె ఆయాసపడుతూ. ఎవరూ ఆగలేదు.

పన్నెండోది గుట్ట పైన, చెట్లు ఆగిపోయేచోట ఉంది. అక్కడినుంచి ఊరి హాలు రేకు కప్పు, బడి మైదానం, వెనక మంచుతో రువాహినె కొండలు కనిపిస్తాయి. నిరుపమ ఇంతదాకా ఎప్పుడూ రాలేదు. శనివారాలు ఆమెకు దిద్దాల్సిన పుస్తకాలుండేవి.

స్క్రూ తుప్పుపట్టి ఉంది. రెండుసార్లు జారి మూడోసారి తిరిగింది. మూత లోపల ఒకటి కాదు, రెండు వరసలున్నాయి.

'కొండ 12.
ఇక దిగు.'

"ఏముంది?" అన్నాడు గ్రేమ్.

ఆమె అతనికి ఇంగ్లీషులో చెప్పింది. అతను నవ్వాడు. ప్రతి వారం ఇక్కడ నిలబడి ఊపిరి తీసుకున్నవాడి నవ్వు అది. సరోజిని పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. సిరి అట్టపెట్టెలోంచి ఆఖరి గుడ్డు తీసి తల్లి చేతిలో పెట్టింది.

నిరుపమ గుడ్డును లోపల సరిగ్గా ఆన్చింది. మూత పెట్టి రెండు స్క్రూలూ గట్టిగా బిగించింది. కింద గేటు దగ్గర రిజిస్టరు తెరిచి తారీఖు వేసింది. లైను గడిలో 'కొండ' అని రాసింది. చూసినవారు అన్నచోట తన పేరు రాసి పెన్ను సిరికిచ్చింది.